పక్కింటి మెట్లు

బకెట్టులో నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మోచేత్తో ముట్టి చూసుకుని, రెజీనా చప్పుడు కాకుండా వీధి తలుపు తీసింది. ఐదు దాటి ఐదారు నిమిషాలైంది. రేవు వైపు నుంచి ఏదో ఓడ బొంగురుగా కూత వేసింది. ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో బ్రష్షు, ఏప్రాన్ జేబులో మెట్లు రుద్దే నురుగురాయి, చంకలో మోకాళ్ళ కిందికి పాత గోనెపట్టా. ఈ సరంజామాతో తన మెట్లు దిగి, ఎడమవైపు పక్కింటి మెట్ల ముందు గోనె పరవబోయి ఆగిపోయింది.

ఎదురింటి మెట్ల మీద కాజిమిర్ కూర్చుని ఉన్నాడు.

ఉక్కు కర్మాగారంలో రాత్రి పని ముగించుకుని వచ్చి, బూట్లు విప్పి, కాళ్ళు బార్లా చాపి సిగరెట్టు వెలిగించాడు. ఏప్రిల్ నెలాఖరు. ఆ ఏడాదికి చలి లేని మొదటి తెల్లవారుజాము. అలాంటప్పుడు ఇంట్లోకి పోవాలని ఎవరికనిపిస్తుంది?

"ఇంత పెందలాడే ఏంటి రెజీనా? మెట్లు ఎక్కడికీ పారిపోవులే," అన్నాడు.

"నువ్వెళ్ళి పడుకో. ఇంటి ముందు ఆ బూడిద చూసిందంటే మీ ఫ్లోరెన్స్ నీతోనే తుడిపిస్తుంది," అని రెజీనా ఏమీ ఎరగనట్టు గోనెను తన మెట్ల ముందుకు లాక్కుంది.

తనవి కడిగింది. కాజిమిర్ కదల్లేదు. రెండో సిగరెట్టు వెలిగించి, రాత్రి బేస్‌బాల్ ఆట ఎలా పోయిందో బంతి బంతికీ చెప్పుకుంటూ వచ్చాడు. ఆరున్నరైంది. ఏడింటికల్లా ఆమె మార్కెట్టులో ఉండాలి. పక్కింటి మెట్లు వారం రోజుల మసితో, పావురాల రెట్టలతో అలాగే ఉండిపోయాయి. రెజీనా మనసు మనసులో లేదు.

బాల్టిమోర్‌లో, పార్కుకి దిగువనున్న ఆ వీధిలో, ఎవరూ రాసిపెట్టని చట్టం ఒకటుంది. శనివారం పది గంటలకల్లా ప్రతి ఇంటి ముందూ మూడు పాలరాతి మెట్లు తెల్లగా మెరవాలి. మెరవకపోతే పదింపావుకి ఎవరో ఒకరు తలుపు కొట్టి లోపలి మనిషి ఉందా పోయిందా అని చూస్తారు. ఇక ఒకరి మెట్లు ఇంకొకరు కడిగారంటే, ఆ ఇల్లాలి పని అయిపోయిందని వీధంతా చాటింపు వేసినట్టే.

పక్కింటి మిస్ ఒటీలియాకి ఎనభై ఒకటి. ఫిబ్రవరిలో ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. చూడ్డానికి వచ్చిన మేనల్లుడు క్లెమెంట్ నల్లబడ్డ మెట్లు చూసి బెంబేలెత్తిపోయాడు. చెడ్డవాడు కాదు. అత్త జారిపడిందని ఎప్పుడో ఎవరో ఫోన్ చేస్తారన్నదే అతని భయం. ఊరి బయట వృద్ధాశ్రమంలో గది మాట్లాడాననీ, ఏప్రిల్ ఆఖరి శనివారం మధ్యాహ్నం వస్తాననీ, అప్పటికీ ఇల్లు ఇలాగే ఉంటే కాగితాల మీద సంతకం పెట్టాల్సిందేననీ చెప్పి వెళ్ళాడు. ఆ వీధిలో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మధ్యలో ఒక్కటే గోడ, అదీ పల్చనిది. ముప్పై ఆరేళ్ళలో ఎన్నడూ వినని ఏడుపు ఆ రాత్రి రెజీనా గోడ ఇవతల నుంచి విన్నది.

మరుసటి శనివారం నుంచీ ఐదింటికి లేచి, ముందు ఆవిడ మెట్లు, తరవాత తనవి కడగడం మొదలుపెట్టింది. మిస్ ఒటీలియాకి తెలుసో లేదో ఆమెకి అంతుబట్టలేదు. ఎందుకంటే రెజీనా మార్కెట్టు నుంచి తిరిగి రాగానే ఆవిడ తలుపు తీసి, ఘనతంతా తన ఖాతాలో వేసుకునేది.

"ఎనభై ఒకటి నాకు. చూడు ఎలా ఉన్నాయో. వీటి పక్కన నీవి పాచిపళ్ళలా ఉన్నాయే పిల్లా," అనేది యాభై ఎనిమిదేళ్ళ రెజీనాని.

రెజీనాకి ఒళ్ళు మండేది. నిజం చెప్పాలంటే, తన మూడో మెట్టు మూల కాస్త మసకగా తనే వదిలేసేది, పెద్దావిడకి తప్పు పట్టడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని.

వీధిలో అడుగుపెట్టిన మొదటి శనివారమే ఆ నోటికి దొరికిపోయింది రెజీనా. అప్పుడామెకి ఇరవై రెండు. రేవులో బస్తాలు మోసే లియోన్‌ని కట్టుకుని కొత్తగా వచ్చింది. తుడుపుగుడ్డతో మెట్లు తుడుస్తుంటే మిస్ ఒటీలియా నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, ఇవి మెట్లా పందుల దొడ్డి గుమ్మమా అని అడిగి, వంగి తనే నురుగురాయి పట్టి చూపించింది. ఆ తరవాత ఒక్క మెచ్చుకోలు మాట లేదు. తొమ్మిదేళ్ళ కిందట లియోన్ పోయాడు. పిల్లలు లేరు. అంత్యక్రియలైన మర్నాడు శనివారమని పదింటికి గుర్తొచ్చి రెజీనా ఏడుపు మొహంతోనే బకెట్టు పట్టుకుని పరిగెత్తింది. తలుపు తీస్తే మెట్లు మల్లెపువ్వుల్లా ఉన్నాయి. కడిగింది నేనేనని వీధిలో ఎవరూ అనలేదు. మూలల్లో మూడు వేళ్ళతో రాయి తిప్పి రుద్దే పనితనం ఎవరిదో రెజీనాకి ఒకరు చెప్పక్కర్లేదు. దుఃఖంలో ఉన్న మనిషి పరువు నిలబెట్టినవాళ్ళని మరిచిపోవడం ఆమె వల్ల కాని పని.

మార్కెట్టులో ఆమెది ఆల్చిప్పలు తెరిచి లోపలి మాంసం అమ్మే పని. ఎడమ చేతికి మందపాటి తొడుగు, కుడి చేతిలో పొట్టి కత్తి. ఆల్చిప్ప కీలు సందులో కత్తి దూర్చి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పి తెరవడం ఇరవై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని చేసే పని. ఇవాళ రెండుసార్లు కత్తి జారి తొడుగులో దిగింది. నిమ్మకాయ పిండుకుని నిలబడే తినే ఓడ పనివాళ్ళు, ఏమైంది ఇవాళ, మాకు చిప్పలు కూడా పెడుతున్నావు అని ఆటపట్టించారు. గడియారం పదిన్నర చూపించింది. ఈపాటికి వీధంతా ఆ మెట్ల వంక చూస్తూ ఉంటుంది. అతను చెప్పిన ఆఖరి శనివారం ఇవాళే, పన్నెండింటికి క్లెమెంట్ వస్తాడు. పట్టపగలు అందరి ఎదుటా తను వెళ్ళి కడిగితే, ఆవిడ చేతకానితనాన్ని తనే దండోరా వేసినట్టవుతుంది. కడగకపోతే కాగితాలు.

ఆల్చిప్పల మీది బురద కడిగే తొట్టి పక్కనే ఉంది. అఖాతం అడుగు నుంచి వచ్చిన నల్లటి, జిగట బురద. రెజీనా దాని వంక కాసేపు చూసింది. తరవాత యజమాని బ్రూనో దగ్గర గంట సెలవడిగి, బకెట్టు నిండా ఆ బురద, చిప్పలు ఎత్తుకుంది. ఎందుకని అడిగితే పూలమొక్కలకంది. ఆమె ఇంటి ముందు మొక్క మొలిచే చోటే లేదు.

పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువ. ఎండ బాగా కాస్తోంది. ఆడవాళ్ళంతా తమ తమ మెట్ల మీద చేరారు. మిస్ ఒటీలియా తలుపు మూసే ఉంది. కిటికీ జాలీ మీద రంగులతో వేసిన ఎర్రపెంకుల ఇల్లు, చెరువు, రెండు హంసలు. లోపల కూర్చున్నవాళ్ళకి ఆ జాలీలోంచి వీధంతా కనిపిస్తుంది, బయటివాళ్ళకి హంసలే కనిపిస్తాయి. కాజిమిర్ భార్య ఫ్లోరెన్స్ అప్పటికే ఒకసారి తలుపు కొట్టి, ఒంట్లో బాగానే ఉందనిపించుకుని వచ్చిందట. అంతలో వీధి మలుపులో క్లెమెంట్ ఆకుపచ్చ కారు తిరిగింది.

రెజీనా బతుకులో ఎప్పుడూ నాటకమాడి ఎరగదు. తొట్రుపడ్డట్టు నటించింది గానీ, అది తొట్రుపాటులా లేదు, పోల్కా నాట్యంలో అడుగులా ఉంది. బకెట్టెడు బురదా మూడు మెట్ల మీదా పారింది. ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. పక్కింటి మెట్లు పాడుచెయ్యడం కంటే పెద్ద అవమానం అక్కడ లేదు. పాడుచేసినవాళ్ళే కడగాలన్నది కూడా అక్కడి చట్టమే.

తలుపు తెరుచుకుంది. మిస్ ఒటీలియా గుమ్మంలో నిటారుగా నిలబడి, రెండు చేతులతో తలుపు చట్రం పట్టుకుని, కింద నల్లని మడుగునీ రెజీనానీ మార్చి మార్చి చూసింది.

"ముప్పై ఆరేళ్ళుగా చూస్తున్నా, కాళ్ళు ఎక్కడ పెట్టాలో నీకింకా తెలీదు," అంది. "పొద్దున్నే కడుక్కున్న మెట్లు."

ఎదురుగా ఫ్లోరెన్స్ గొంతు సవరించుకుంది. "అవును పాపం, నేను చూశాగా. అద్దంలా ఉన్నాయి," అంది.

తక్కిన ఆడవాళ్ళు కూడా ఒకరి తరవాత ఒకరు అవునన్నారు. బురద కింద ఏముందో ఇక ఏ దేవుడూ చెప్పలేడు.

"తప్పయిపోయింది మిస్ ఒటీలియా. ఇప్పుడే కడిగేస్తాను," అంది రెజీనా.

"కడగక? వేడినీళ్ళు తెచ్చుకో. చన్నీళ్ళకి ఆ జిడ్డు వదలదు."

రెజీనా నీళ్ళు తెచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. క్లెమెంట్ కారు దిగి పేవ్‌మెంటు మీద టోపీ చేత పట్టుకుని నిలబడ్డాడు. పెద్దావిడ పావుగంట సేపు ఊపిరి తీసుకోకుండా తిట్టింది. ఆ మూల అంది, ఆ మూల కాదు ఈ మూలంది, లియోన్ నిన్ను ఎలా భరించాడో అంది. క్లెమెంట్ జేబులో కాగితాల మీద పెట్టిన చెయ్యి నెమ్మదిగా బయటికి వచ్చింది.

"పాపం, ఆవిణ్ణి వదిలెయ్ అత్తయ్యా," అన్నాడు నవ్వాపుకుంటూ.

"నువ్వు నోరు మూసుకో. ఈ వీధి సంగతి నీకేం తెలుసు?"

అతను లోపలికి వెళ్ళి పుల్లక్యాబేజీ కూర తిని, ఆశ్రమం సంగతి క్రిస్మస్ తరవాత చూద్దామని చెప్పి వెళ్ళిపోయాడు. కారు మలుపు తిరిగాక మిస్ ఒటీలియా వంగి మెట్ల వంక చూసింది.

"ఆ మూల బాగానే వచ్చింది," అంది మెల్లగా, తలుపు వేసుకుంటూ.

రెజీనాకి కళ్ళు చెమర్చాయి. తడిసిన మోకాళ్ళతోనే మార్కెట్టుకి వెళ్ళిపోయి సాయంత్రం దాకా ఆల్చిప్పలు ఒలిచింది.

ఆ క్రిస్మస్ దాటింది, ఇంకోటీ దాటింది. మూడో ఏడు అక్టోబరులో, ఒక గురువారం, మిస్ ఒటీలియా తన ఇంట్లో తన మంచం మీద నిద్రలోనే పోయింది. శనివారం పదింటికి ఆవిడ మెట్లు తెల్లగానే ఉన్నాయి.

ఇల్లు సర్దడానికి వచ్చిన క్లెమెంట్, అమ్మడం లేదనీ, తన పెద్దకూతురు కాపురం ఉంటుందనీ చెప్పి, మెట్లకి ఏ పొడి వాడాలో అడిగాడు. పొడి సంగతి తరవాత, ముందు ఆ అమ్మాయిని నా దగ్గరికి పంపమంది రెజీనా. అత్త గుర్తుగా ఏదైనా తీసుకోమని అతను ఆమెని లోపలికి పిలిచాడు.

ముందుగదిలో, కిటికీకి ఆనించి, వీధి వైపు తిప్పిన కుర్చీ ఒకటుంది. దాని వీపు మీద కంబళి. రెజీనా ఆ కుర్చీలో కూర్చుని చూస్తే కింద మూడు మెట్లూ కళ్ళ ముందున్నాయి. అన్ని శనివారాలూ తనొక్కతే లేచాననుకుంది. గోడకి ఈ పక్క, ఈ గదిలో, ఒక మనిషి ఆ మోకాళ్ళతో లేచి వచ్చి, తను బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయేదాకా ఇక్కడ తోడు కూర్చుంది.

కిటికీ గట్టు మీద, మోత గోడ దాటకుండా ఊలు మేజోడులో పీకలదాకా కుక్కిన చిన్న గడియారం, అలారం ముల్లు ఐదుకి పావు తక్కువ మీద.