ఓడ ఎక్కని ఏడు

ఆ ఏడు రంజాన్ నెల ఎండలు ముదురుతున్న రోజుల్ల వచ్చింది. బెల్లంపల్లి బొగ్గు బాయిల పనిచేసే దూదేకుల మదార్ సాబు, పదిహేనేండ్ల బిడ్డ ఖాజాబీని తీసుకొని హజ్‌కు పోతుండని బాయి పనోళ్ల ఇండ్ల లైన్లన్నిట్ల తెలిసిపోయింది. పండుగ కాంగనె రైలెక్కి వార్ధా మీదుగ బొంబాయి పోవాలె, అక్కడ ఓడ ఎక్కాలె.

హజ్ చెయ్యాలన్నది అసలు ఖాజాబీని కన్న అవ్వ కోరిక. పెండ్లయిన కాన్నుంచి మొగనితోని అదే మాట అనేది. పోయిన వానకాలంల జ్వరమొచ్చి పండుకున్నది, మళ్ల లేవలే. "మీ అవ్వ జాగల నువ్వు రా బిడ్డా" అన్నడు మదార్ సాబు.

ఆ నెలంతా ఖాజాబీకి చేతినిండ పని. తెల్లారకముందే సహరీకి రొట్టెలు చెయ్యాలె, పొద్దుగూకేసరికి ఇఫ్తార్‌కు గుగ్గిళ్లు ఉడకబెట్టాలె. నడుమ ప్రయాణం పనులు. ఓడల తిండి సయించదంటే చింతకాయ తొక్కు నూరి జాడీకెత్తింది. మౌల్వీ సాబు భార్య దగ్గర కూసోని హజ్‌ల చదివే దువాలు నేర్చుకున్నది. దర్జీ పండుగ బట్టలల్ల మునిగిపోయి "ఈద్ అయినంక రాపో" అని మళ్లగొడితే, తన తెల్ల కుర్తా తనే కుట్టుకున్నది.

పక్కింటి కొమురవ్వ దినాం వచ్చి కూసునేది. "మక్కల నా కొడుకు పేరు చెప్పవే, పానం మంచిగుండాలె అని. తెలుగుల చెప్తె ఇంటడా మీ దేవుడు?"

"ఎందుకినడు అత్తా, ఇంటడు."

ఇంత సంబురంల ఒక్కటే ముల్లు. అది బాపు దగ్గు. ఒకనాడు పంపు కాడ బాపు ఉమ్మేసి, దాని మీద కాలితోని మన్ను కప్పుడు ఖాజాబీ చూసింది. ఆయన పోయినంక మన్ను జరిపి చూస్తె ఎర్రగున్నది. అడిగితె, "పండ్లల్లకెల్లి వచ్చిందిలే, ఫికర్ చెయ్యకు" అన్నడు.

ఇంకో దినం ఇఫ్తార్‌కు చాంద్ సాబు వచ్చిండు. ఆయన బాపుతోటి బాయిలకు దిగేటోడు. ఆయన, ఆయన భార్య కూడ అదే ఓడకు పోతున్నరు. ఎంబడి ఆసిఫాబాద్ నుంచి ఒక హాజీ సాబును తోలుకచ్చిండు. కిందటేడు హజ్ చేసి వచ్చిన ఆ ముసలాయన ఓడ ముచ్చట్లు చెప్పబట్టిండు. నడి సముద్రంల ఒకాయన పానం పోయిందట. కఫన్ బట్ట చుట్టి, నమాజ్ చదివి, బరువు కట్టి నీళ్లల్లకు జారవిడిచిండ్రట. ఓడ ఆగకుంటనే పోయిందట.

ఖాజాబీ చేతిల ఉన్న గుగ్గిళ్ల గిన్నె కింద పెట్టింది.

"నసీబున్నోడు" అన్నడు బాపు. "అల్లా తొవ్వల పోయిండు."

ఆ మాట ఆయన మెల్లగ, ఎన్నడో మనసుల అనుకున్నదాన్ని ఇప్పుడు బయిటపెట్టినట్టు అన్నడు. ఖాజాబీ బాపు మొఖం దిక్కు చూసింది. బాపుకు తన రోగం తెలుసు. తిరిగొచ్చేటందుకు పోతలేడు.

మరునాడు ఉండబట్టలేక అడిగింది. "బాపూ, నీకేమన్న అయితె నేనెట్ల?"

"చాంద్ చిచ్చా ఉంటడు గద" అన్నడు బాపు, మొఖం పక్కకు తిప్పుకొని.

పండుగ రెండొద్దులున్నదనంగ సూదుల కోసం దవాఖానకు పోయిండ్రు. యాత్రకు పోయేటోళ్లను డాక్టరు చూసి, పెయి బాగున్నదని రాసియ్యాలె. బాపు పొద్దున్నుంచి దగ్గును ఆపుకొని ఆపుకొని చెమటలు కక్కుతుండు.

"దగ్గుందా?" అడిగిండు డాక్టరు.

"లేదు సాబ్."

"ఉన్నది" అన్నది ఖాజాబీ. "నెత్తురు పడ్తది. నేను చూసిన."

బాపు బిడ్డను చూసిండు. ఆయన కొట్టినా ఆమెకు అంత దెబ్బ తగలకపోవు. డాక్టరు బాపు రొమ్ము మీద గొట్టం పెట్టి చాలసేపు విన్నడు. ఆఖరికి తల అడ్డంగ ఊపి, కాయితం రాసియ్యనన్నడు.

ఇల్లు చేరినంక బాపు ఒక్కటే మాట అన్నడు. "అల్లా ఇంటికి పోయెటోన్ని ఆపినవ్."

ఈద్ దినం బాపు కొత్తబట్ట కట్టలే. చాంద్ సాబు రైలెక్కే దినం మాత్రం స్టేషన్‌కు పోయిండు. పూలదండలు, అల్లాహు అక్బర్ అని తక్బీర్లు, ఏడ్పులు. అందరికీ అలాయిబలాయి ఇచ్చి, రైలు కదిలినంక గుంపుల ఉండలేక ఒక్కడే ఇంటి తొవ్వ పట్టిండు. ఖాజాబీ ఎనక నడిచింది. కొంతదూరం పోయినంక ఆయాసమొచ్చి ఒక రాయి మీద కూలబడ్డడు.

ఖాజాబీ ముందటికొచ్చి నేల మీద కూసున్నది. "అవ్వ సమాధి కాడికి నేను పోత బాపూ. మాట్లాడుకుంట. సముద్రంల నిన్ను ఏడ ఎతకాలె? నాకు పోయెటందుకు ఒక జాగన్న ఉండొద్దా?"

బాపు చెయ్యి చాపిండు. ఖాజాబీ పట్టుకొని లేపింది. బిడ్డ చెయ్యిని బాపు ఇల్లు దాక ఇడువలే.

ఆనాటి సంది మంచం పట్టిండు. కొమురవ్వ గంజి కాసి తెచ్చేది. ఖాజాబీ నేర్చుకున్న దువాలు చదువుతుంటె కండ్లు మూసుకొని ఇనేటోడు. ఎక్కడన్న తప్పు పోతె పెదవులతోని దిద్దేటోడు. బక్రీద్ చూడకుంటనే పోయిండు. అవ్వ సమాధి పక్కనే పెట్టిండ్రు.

వానలు మొదలైనంక చాంద్ సాబు హాజీ అయ్యి తిరిగొచ్చిండు. మదార్ సాబు లేడని స్టేషన్లనే ఇని, బట్టలన్న మార్చుకోకుంట ఖాజాబీ కాడికి వచ్చిండు. "నీ బాపు పేరు చెప్పి కాబా చుట్టు తవాఫ్ చేసిన బిడ్డా. బతికే ఉన్నడనుకొని, పానం బాగుచెయ్యమని అడిగిన" అన్నడు, ఏడ్సుకుంట.

అప్పటిదాక గట్టిగున్న ఖాజాబీ అప్పుడడిగింది.

"చిచ్చా, నా మీద బాపుకు కోపం పోయిందంటవా?"

"పోయే ఉంటది తల్లీ."

"మరి నోటితోని ఒక్క మాట అనలే చిచ్చా" అన్నది. గడపల కూలబడి ఏడ్సింది. బయట వాన పడుతనే ఉన్నది.