బొట్టు పెట్టించుకున్న ఇంక్యుబేటర్

నేను ఒక ఇంక్యుబేటర్‌ని. కోడిగుడ్లు పొదిగేదాన్ననుకునేరు, కాను. పసికందులను పడుకోబెట్టే గాజుపెట్టెనూ కాను. మనిషి ఒంటిలోంచి గిల్లి తీసిన మూలకణాలను కడుపులో పెట్టుకుని పెంచే ఉక్కు బీరువాను. ఎక్కడో చలిదేశపు కర్మాగారంలో పుట్టి, ఓడెక్కి, విశాఖపట్నంలో ఒక కంటి ఆసుపత్రికి చేరాను. నన్ను చేసినవాళ్లు నాకు ఒకటే నేర్పారు: లోపల ఎప్పుడూ మనిషి ఒంటి వేడి ఉండాలి. బయట తుపాను వచ్చి ఊరంతా చీకటైన రోజున కూడా నేను ఆ మాట తప్పలేదు.

ఇంత వెచ్చగా ఉంటానా, నన్ను ఒట్టి చేత్తో తాకిన మనిషి లేడు. మా గదిలోకి రావాలంటే తలకు టోపీ, మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు. గబుక్కున తలుపు తీసి, కణాలున్న గిన్నె అందుకుని, గబుక్కున మూసేస్తారు. పక్కనున్న మైక్రోస్కోపు దగ్గర మాత్రం కళ్లు ఆనించి గంటలకొద్దీ కూర్చుంటారు. దాన్ని చూస్తే నాకు కుళ్లు, దాచుకోవడమెందుకు? నేను పెంచిన కణాలు ఎవరి కంట్లో కుదురుకున్నాయో నాకు కబురు చెప్పినవాళ్లూ లేరు.

దసరా వస్తే ఆసుపత్రిలో అంబులెన్సుకు, జనరేటరుకు, ఆఖరికి జిరాక్సు మిషనుకు కూడా పూజే. మా గదిలోకి పసుపు కుంకుమలు రాకూడదు కనుక, నా ఫొటో ఒకటి వరండాలో బల్ల మీద పెట్టి దానికి బొట్టు పెట్టేవారు. పని నాది, నిమ్మకాయలు ఫొటోవి.

ఒక ఏడు దసరాకు నా కడుపులో అప్పలకొండ కణాలు ఉన్నాయి. ఆయన గోడలకు వెల్ల వేసే మనిషి. పచ్చి సున్నం చింది కుడికన్ను కాలి, పైన తెల్లటి పొర కమ్మేసింది. ఎడమ కంటికి పుట్టుకతోనే చూపు లేదు, కానీ దాని నల్లగుడ్డు అంచు చక్కగా ఉంది. అక్కడి నుంచి ఆవగింజంత ముక్క గిల్లి, కాన్పు అయిన తల్లులు దానమిచ్చిన ఉమ్మనీటి సంచి పొర మీద పరిచి, నాకు అప్పగించారు. ఎన్నడూ చూడని కన్ను, చూపు పోయిన కంటికి విత్తనమిచ్చింది. ఆపరేషన్ పండగ వెళ్లాక అన్నారు.

మా గది బాగోగులు చూసే సత్యవాణి ఆ ఉదయం ఒంటరిగా వచ్చింది. దోసిట్లో చిన్న పొట్లం.

"ఊరందరి కళ్లకీ చాకిరీ చేస్తావు, నీ మొహం బోడిగా ఉంటే నాకు మనసొప్పట్లేదమ్మా. పసుపున్న చోట క్రిమి ఉండదులే" అంది.

తొడుగు తీసేసి నా తలుపు మీద వేలితో పసుపు రాసి, కుంకుమ దిద్దింది. అదే నాకు తగిలిన మొదటి మనిషి వేలు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. రోజంతా ఆ వేలి స్పర్శే తలుచుకుంటూ ఉండిపోయాను.

పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. ఆ పొడి రాలి, తలుపు పిడికి అంటి, తొడుగుల వెంట లోపలికి వచ్చింది. పొడిలో బూజు విత్తులున్నాయి, వాటికీ నా వేడే కావాలి. పండగ వెళ్లగానే ల్యాబు పెద్ద హైమవతి గారు వచ్చి చూస్తే, ఒక గిన్నెలో దూది పోగుల్లాంటి బూజు. ఆవిడ అడగకముందే సత్యవాణి ఏడుస్తూ జరిగింది చెప్పేసింది.

"అప్పలకొండ గారి గిన్నె తేటగానే ఉంది కదా మేడమ్. రేపే కదా ఆపరేషన్" అంది చివరికి.

హైమవతి గారు ఆ గిన్నెను బయటికి తీశారు. "ఇదీ ఆ పెట్టెలోదే. నా కంట్లో అయితే పెట్టించుకోను సత్యవాణీ. ఆయన కంట్లో ఎలా పెట్టను?" అని తన చేత్తోనే అందులో మందు పోశారు. నేను పెంచినవన్నీ నా ఎదుటే చచ్చిపోయాయి.

తర్వాత వరండాలో ఆయనకు ఏదీ దాచకుండా చెప్పడం తలుపు సందులోంచి విన్నాను. "ఇంకొక్కసారి గిల్లొచ్చు. అదీ పోతే ఇక విత్తనం లేదు" అన్నారావిడ.

"పండగపూట బొట్టెట్టినందుకు తిడతానేటమ్మా? మల్లీ గిల్లండి. మా ఇంటిది పైడమ్మ మొకం సూసి యాడాదైపోనాది" అన్నాడు అప్పలకొండ.

ఈసారి విత్తనం నాకివ్వలేదు. ఎంత కడిగినా నా మూలల్లో బూజు పోలేదని కొత్త పెట్టెను తెప్పించి అందులో పెట్టారు. నా తీగ పీకేశారు. నేర్చుకున్న ఆ ఒక్క వేడీ మెల్లగా పోయింది. బయటి తలుపు ఊడదీసి, లోపలి గాజుతలుపు మాత్రం ఉంచి, పాత సామాను కొనేవాడి కోసం వరండాలో పెట్టారు. చల్లగా ఉండటమెలాగో నాకెవరూ నేర్పలేదు.

ఒకరోజు ఒక జంట అటుగా వచ్చింది. ఆయన నా ముందు ఆగి, గాజుతలుపుకి మొహం ఆనించినంత దగ్గరగా వంగాడు. కుడి రెప్ప వేలితో ఎత్తి చూసుకున్నాడు.

"అక్కడేటి సూత్తన్నావు, డబ్బాలో?" అంది ఆవిడ.

"డబ్బా కాదే పైడీ, నా మొకం. ఎంత ముసిలోడినైపోనానో సూడు!" అని పకపకా నవ్వాడు. ఆ గొంతు గుర్తుపట్టాను, అప్పలకొండ.

నేనెవరో ఆయనకు తెలియదు. ఆవిడ చెయ్యి పట్టుకోబోతే అక్కర్లేదని విడిపించుకుని, మెట్లు తనే చూసుకుంటూ దిగిపోయాడు. ఆయన ఊపిరి తగిలిన చోట నా గాజు మసకబారింది. ఆ మసక ఆరిపోయేదాకా నేనింకా వెచ్చగానే ఉన్నాననిపించింది.