ఏడవ తూటా

వర్షాకాలము తన మూటాముల్లె సర్దుకొని వెడలిపోయెను. మింట మబ్బుతునుక యైనను లేక వేగావతీ నదీతీరముల రెండింటను రెల్లుపూలు విరియబూచి పాలుపోసుకొన్న వరివెన్నుల మీదుగా వచ్చు పిల్లగాలి గరుడకోట బురుజులపై ధ్వజపటమును మెల్లమెల్లన గదల్చుచుండగా మహానవమినాటి ప్రొద్దు బారెడెక్కెను. ఆయుధశాల ముంగిట బఱచిన యెఱ్ఱని జంబుఖానామీద రాజవంశమువారి ఖడ్గములును బల్లెములును పొడవు తుపాకులును పూజకై వయఃక్రమమున బారులు దీరియుండెను. ఆ బారు చివర క్రొత్తకోడలివలె ముడుచుకొని యొక చిన్న నల్లని పిస్తోలు కూర్చుండెను. దానివంక జూడని కన్ను నాడా కోటలో లేదు.

ఆ యాయుధముల కెల్ల కావలి కొమ్మోజు అప్పలాచారి. వయస్సు అఱువది. మాటలయందు మిక్కిలి పొదుపరియే గాని కోపము విషయమున మాత్రము చేయి వదులు. తాతనాటినుండి యినుమును నమ్ముకొని బ్రదికిన యింటివాడగుటచే రాణి మొలలో దోపదగిన యాయుధ మేదియో తేల్చు భార మతనిపై బడెను. క్రొత్త పిస్తోలా, చిరపరిచితమైన యాఱుతూటాల రివాల్వరా? తప్పు తీర్పు చెప్పెనేని రెండు ప్రాణములు పోవును.

గరుడకోట రాజు గతించి యేడాది కావచ్చెను. మిగిలినవారు రాణి అచ్చాయమ్మయు మూడేండ్ల కూతురును. దాయాదియగు జోగిరాజు సంస్థానము తనదని దావా వేసియుండగా ద్వాదశినాటికి రాణి బిడ్డతో గూడ కొండకావలి న్యాయస్థానమున స్వయముగ నిలువవలసియుండెను. ఇది రెండవ వాయిదా. మూడవది లేదని న్యాయాధిపతి యుత్తరువు. మొదటి వాయిదాకై శ్రావణమున బయలుదేఱినప్పుడు కనుమదారిలో ముసుగుమనుష్యులు పల్లకిపై బడిరి. అప్పలాచారికి ఒక్కగానొక్క తమ్ముడును రాణికి మెయికాపునునగు సన్యాసాచారి యాఱు తూటాలు గాల్చి వారి నాపెను. పొదలచాటున నాఱు లెక్కపెట్టి వారొక్కుమ్మడి లేచిరి. ఏడవ తూటా దోపుచుండగనే గొడ్డలివ్రేటున సన్యాసాచారి కూలెను. బోయీలు ప్రాణముల కాశవదలి పల్లకిని వెనుకకు మఱల్చి రాణిని దక్కించిరి. ఆ రివాల్వరు తెఱచిన నోటితోడనే కోటకు వచ్చెను. అందు సగము దూరి నిలిచిన తూటాను అప్పలాచారి స్వయముగ నూడదీసి మొలసంచిలో దాచుకొనెను. అన్నమును సయించక యతడు మూడుదినము లుండెను. నాలుగవనాడు కలకత్తా యంగడికి జాబు వ్రాసి యీ పిస్తోలును దెప్పించెను.

ఇరువది దినములు దానిని బరీక్షించెను. ఒక్క తూటా వెడలినంతనే పైతొడుగు తనంత తాను వెనుకకుజని ఖాళీగొట్టమును విసరివైచి క్రొత్తదానిని నోటికందుకొని మూసికొనును. ఇట్లెనిమిది. అవి తీఱినచో పిడిలోని తూటాలపెట్టెను జాఱవిడిచి మఱియొకటి త్రోయుటకు రెండు రెప్పపాటులు చాలును. రివాల్వరునందో ఒక్కొక్క తూటాను బిడ్డకు గోరుముద్దలు పెట్టినట్లు పెట్టవలయును. అంతలో గొడ్డలి రాకుండునా?

దోషములును లేకపోలేదు. మూడవనాడు తూటాలపెట్టెను దీసివైచి ఇక ఖాళీయే గదా యని మీట నొక్కగా గొట్టములో దాగియున్న యొక్కటి పేలి నీళ్ళకడవ నడుమ బద్దలై ఆచారి పంచె తడిసి ముద్దయయ్యెను. నాటినుండి పని ముగిసిన వెంటనే పైతొడుగును వెనుకకు లాగి నోరు తెఱచియే యుంచుట నియమము చేసికొనెను. లోపల నేమియు లేదని యెల్లరకు కనబడవలయునని యతని తలంపు. ఇంకొక దోషమున్నది. తూటా పేలక మొండికేసెనేని రెండవచేత పైతొడుగును లాగి దానిని బాఱవేయవలయును. ఇది తెలిసియు నతడు తేలికగా దలచెను. తమ్ముని చావు కన్నులకు గట్టియున్నవానికి వేగముకంటె వేఱొకటి కనబడునా! క్రొత్తొక వింత పాతొక రోత యనుమాట యీ నిపుణునిపట్లను నిజమయ్యెను.

అష్టమినాడు రాణి పిలిపించి యడిగెను. “ఆచారీ, ప్రయాణమున నా యెడమచేత బిడ్డ యుండును. దానిని దాదికీయను. కుడిచేతికి ఒక్క ఆయుధము చాలును. ఏది?”

“ఏలినవారు పిస్తోలును ధరింపుడు. ఆఱుతో ఆగునది మా యింట నొకనిని మ్రింగినది,” యని యతడు బదులు పలికెను. బిడ్డమాట చెవిని బడెను గాని మనస్సున కెక్కలేదు.

నవమి పూజ సాంగముగ జరిగెను. ఆస్థాన పురోహితుడు లింగావధానులు ప్రతి యాయుధమునకు పసుపు పూసి కుంకుమ పెట్టి కొబ్బరినీరు చిలికి యక్షతలు చల్లెను. దశమినాడు తొలి తూటా కాల్చువఱకు పూజించిన యాయుధమును దుడువరాదని యా కోట ఆచారము. తాతముత్తాతలనాడు కత్తికిని బల్లెమునకును కుదిరిన యాచారము. రివాల్వరును దానిని సహించినది. నియమము చొప్పున నోరుతెఱచియున్న పిస్తోలుమాట యెవ్వరికిని దోచలేదు, ఆచారికిని దోచలేదు.

మఱునాటి యుదయమున విలుకాండ్ర మైదానమున రాణి బిడ్డను జంకనెత్తుకొని దాని చెవులలో దూది పెట్టించి నిలిచెను. రేపు కనుమలో నెట్లుండవలయునో నేడే యట్లుండి చూడవలయునని యామె పట్టు. మొదటి తూటా కుండను బగులగొట్టెను. జనులు జేజేలు కొట్టిరి. రెండవమాఱు మీట నొక్కగా ఏమియు లేదు. పైతొడుగు సగము మూసికొని బిగిసిపోయెను.

“రెండవచేత వెనుకకు లాగవలయును తల్లీ!” యని ఆచారి కేకవైచెను.

రాణి కదలలేదు. బిడ్డ యామె మెడను గఱచికొని యుండెను. “ఆచారీ, నాకు రెండవ చేయి లేదు,” అని మాత్రము మెల్లగ బలికెను.

ఆ మాట కొఱడాదెబ్బకంటె గట్టిగ దగిలెను. అపశకునమని లింగావధానులు గొణుగుచుండగా ఆచారి పిస్తోలు నందుకొని విప్పిచూచెను. ఎండిన పసుపుముద్దలో నంటుకొని యొక యక్షతగింజ పైతొడుగు దారి కడ్డముగ గూర్చుండెను. అతనికి సిగ్గుచే ముఖము నల్లబడెను. ఒక దోషమునకు విఱుగుడుగా నోరుతెఱచియుంచినందున రెండవ దోషము లోపల దూఱెను. ఈ తప్పు పసుపుదికాదు, పురోహితునిది కాదు, తనది. దుఃఖముతో తూచినవానికి త్రాసు సరిగ నిలుచునా!

“శకునము కాదు అవధానులుగారూ, నా బుద్ధిలోపము,” అని ఎల్లరు వినునట్లు పలికి యతడు రాణి పాదములకు మ్రొక్కెను. “తల్లీ, మొన్న నేను తమ్ముని కొఱకు తీర్పు చెప్పితిని. నేడు తమకొఱకు చెప్పెదను. రివాల్వరును ధరింపుడు. ఒక తూటా పేలకున్నను మరల మీట నొక్కిన చాలును, తరువాతిది తనంత వచ్చును. ఒంటిచేతికి అదియే దిక్కు.”

“ఆఱుతో ఆగునని నీవే యంటివి గదా! ఏడవ దెక్కడనుండి వచ్చును?”

“నా చేతినుండి వచ్చును. పిస్తోలు రెండుచేతులు గల నాకు తగినది. దాని గుణమును దోషమును నెఱిగినవాడను నేనే. పల్లకిదండె ప్రక్కన నడచెదను.”

“నీకు అఱువదేండ్లు, ఆచారీ.”

“ఆఱు నూఱైనను నడచెదను తల్లీ.”

ఆ పగలెల్ల నతడు పిస్తోలును తునుకతునుకగా విప్పి నూనెగుడ్డతో దుడిచి యెండకుబట్టి చూచి మరల కూర్చెను. నూఱు తూటాలు గాల్చెను. ఒక్కటియు నడ్డుపడలేదు. కోడలు వలదన్నను భార్య యేడ్చినను వినలేదు.

ఏకాదశినాడు మిట్టమధ్యాహ్నమున పల్లకి కనుమను జొచ్చెను. సన్యాసాచారి కూలిన మలుపుననే పొదలు కదలెను. రాణి తెర తొలగించి బిడ్డ ముఖమును దన భుజమున నదిమికొని కాల్చెను. మొదటిది, రెండవది పేలెను. మూడవది పేలలేదు, టక్కుమన్న చప్పుడు మాత్రము పొదలవఱకు వినబడెను. ఆమె రెప్పయైన వేయక మరల మీట నొక్కగా నాలుగవది మ్రోగెను. ఐదు, ఆఱు. ఆచారి దండెను పట్టుకొని యూపిరి బిగబట్టి యూరకుండెను. కాల్పు మని యతని వ్రేలు వేడుచుండెను గాని యతడు దాని మాట వినలేదు. పొదలలోని ముసుగుమనుష్యులు లెక్కపెట్టుచున్నారని యతనికి తెలియును.

మీట యాఱుమాఱులు నొక్కబడినదని వారును లెక్కపెట్టుకొని శ్రావణమున లేచినట్లే గొడ్డళ్ళెత్తి లేచిరి.

అప్పుడు ఏడవది పేలెను.

ముందున్నవాడు మోకాలు పట్టుకొని కూలెను. ఎనిమిదవది, తొమ్మిదవది. ఆ యంకెలు వారి లెక్కలో లేవు. తక్కినవారు గొడ్డళ్ళు పాఱవైచి రాళ్ళమీద బడుచు లేచుచు పరుగిడిరి. ఆచారి వెంటాడలేదు. తూటాలపెట్టెను మార్చి పిస్తోలును రెండుచేతుల బట్టుకొని కొండ దిగువఱకు పల్లకి వెంట వెనుకడుగులతోనే నడచెను. అతని కన్నులవెంట నీరు కాఱుచుండెను. దానిని దుడుచుకొనుటకు తీఱిక లేదు.

ద్వాదశినాడు రాణి బిడ్డతో న్యాయస్థానమున నిలిచెను. సంస్థానము బిడ్డకు దక్కెను.

మఱుసటి మహానవమినాడు రివాల్వరు యథాప్రకారము పసుపుకుంకుమలతో మెఱసెను. పిస్తోలును మాత్రము మూతగల పెట్టెలో నుంచి మూతపై కుంకుమ పెట్టిరి. గుణములేని యాయుధమును లేదు దోషములేని యాయుధమును లేదు. పట్టినవాని చేయియు వాని యవసరమును జూడక యాయుధమును తూచుట వ్యర్థమని ఆచారి తన శిష్యులకు జెప్పుచుండెను. పూజారంభమున నతడు మొలసంచి విప్పి జంబుఖానాపై అన్నిటికంటె ముందుగ నొక పాత తూటాను నిలిపెను. లింగావధానులు దానిని గుర్తించి తొలియక్షత దాని తలపై వైచెను.