గొలుసు పట్టుకున్న స్నానం

కుర్చీ నెత్తిన పెట్టుకుని ఆశ్రమం మెట్లెక్కుతుంటే తోటి విద్యార్థినులు నవ్వారు.

"పరీక్షకేనా సులోచనా దీదీ, పెళ్లి భోజనానికా?" అంది కల్పేశ్వరి.

నా వెనక బచనీ దీదీ మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతోంది. ఆవిడ మా పక్కింటావిడ. వయసులో ఉన్నన్నాళ్లూ కొండల్లో గడ్డిమోపులు మోసి మోకాళ్లు అరగదీసుకుంది. నేల మీద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి.

ఆ రోజు మాకు చివరి పరీక్ష. ఊళ్లోంచి ఒకరిని తీసుకొచ్చి గురూజీ ఎదుట పాఠం చెప్పాలి. ఆయన సంతకం పెడితేనే యోగా టీచరు. సంతకం చూపిస్తే మా వీధి ధర్మశాల వాళ్లు పాఠాలకు పొద్దుటిపూట వరండా ఇస్తామన్నారు. బచనీ దీదీలాంటి ఆడవాళ్లు అక్కడికి వస్తామని కాచుకుని ఉన్నారు.

గురూజీ కుర్చీని చూశారు. "ఇదెందుకమ్మా?"

"ఆవిడ కింద కూర్చోలేదు గురూజీ."

"కూర్చోగలిగిన వాళ్లనే తెచ్చుకోవాల్సింది. మీ ఆడపడుచు కూతురు ఉంది కదా, విల్లులా వంగుతుంది. పిలిపించు, ఆగుతాను."

బచనీ దీదీ నా కొంగు లాగింది. "పిలిపించవే. నా ముసలి మోకాళ్ల కోసం నీ పరీక్ష పోగొట్టుకుంటావా? నేను పోయి పప్పు నానేసుకుంటాను."

"నువ్వు కదిలావంటే ఊరుకోను," అన్నాను.

గురూజీ అంటే నాకు భక్తి. ఊపిరి ఎలా తీసుకోవాలో నాకు నేర్పింది ఆయనే. ఆయనకు ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. అయినా నేల తగలని మనిషి ఊపిరి దేవుడికి చేరదా అన్న ప్రశ్న నన్ను చాలా రోజులుగా తొలుస్తూనే ఉంది.

"ఆధారం అలవాటైతే మనిషి దాన్ని వదలడు," అన్నారాయన. ఆ మాటలోనూ నిజం లేకపోలేదు.

"గురూజీ, మా అత్తగారు చివరిదాకా రోజూ గంగలో మునిగింది. రేవు మెట్ల దగ్గర గొలుసు ఉంటుంది కదా, అది పట్టుకునే మునిగేది. వదిలితే ప్రవాహం లాక్కుపోతుంది. అది స్నానం కాదని ఆవిడతో ఎవరూ అనలేదు. మీరూ నేనూ కూడా ఆ గొలుసు పట్టుకునే కదా మునుగుతాం?"

కిటికీలోంచి నది హోరు వినిపిస్తోంది. గురూజీ గడ్డం నిమురుకుని, "మొదలుపెట్టు," అన్నారు.

ముందు బచనీ దీదీని కుర్చీలో కూర్చోబెట్టి ఊపిరి గమనించమన్నాను. ఆ తర్వాత చేతులెత్తించాను.

"ఎంత పైకే? అటక మీద డబ్బా అందుకోవాలా?"

"అందుకో. లడ్డూలున్నాయనుకో."

తర్వాత వృక్షాసనం. లేచి కుర్చీ వెనక నిలబడి, దాని వీపు పట్టుకుని ఒక పాదం రెండో కాలి చీలమండకు ఆనించమన్నాను. ఆవిడ బరువంతా కుర్చీ మీద వేసింది. నున్నటి రాతి నేల మీద కుర్చీ సర్రున జారింది. నేను అందుకునేలోపే గురూజీ లేచి, ఒక పాదం కుర్చీ కాలికి అడ్డంపెట్టి, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు.

ఇక నా పరీక్ష పోయినట్టే అనుకున్నాను. గురూజీ మాత్రం కుర్చీ వదల్లేదు. "ఏం చూస్తున్నావు? పాఠం చెప్పు," అన్నారు నాతో.

చెప్పాను. బచనీ దీదీ ఒక చేయి మెల్లగా పైకెత్తింది. వేళ్లు వణికాయి, ఆ తర్వాత నిలబడ్డాయి. ఊపిరి నిదానంగా ఆడుతోంది. రెండో కాలు మార్చేదాకా గురూజీ అలా వంగే ఉన్నారు.

అంతా అయ్యాక ఆయన నడుం పట్టుకుని లేచారు. "కుర్చీ సంగతి నాకింకా నచ్చలేదు. ఆలోచించుకోవాలి. సంతకం మాత్రం పెడతాను. వరండాలో గోడకు ఆనించి వేయి, జారదు."

నేను ఆయన పాదాలకు మొక్కుతుంటే వెనక నుంచి బచనీ దీదీ అరిచింది:

"మొక్కులు తర్వాతే! ముందు ఆ కుర్చీ ఇటు తోయండర్రా, కాళ్లు లాగేస్తున్నాయి!"

కుర్చీ తోసింది కల్పేశ్వరే.