ఇంకొంచెం ఎరుపు

“మా ఆవిడే ముట్టుకుంది సార్,” అన్నాడు మా ఆయన.

ఆ మాట అంటూ నా వైపు చూడలేదు, తెర వైపు చూశాడు. గోడని సగం ఆక్రమించిన ఆ టీవీలో పళ్ళ డాక్టరుగారి భార్య నవ్వుతూ ఆగిపోయి ఉంది. ఆమె పోయి ఏడాది దాటింది. ఈరోజు ఆమె పుట్టినరోజు. కాసేపట్లో ఆమె చెల్లెళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, ఈ హాల్లో కూర్చుని పాత వీడియోలు చూడబోతున్నారు. అందుకే డాక్టరుగారు ఇంత పెద్ద టీవీ కొన్నారు, అందుకే బొమ్మ సరిచెయ్యమని మా ఆయన్ని పిలిచారు. ఇప్పుడు ఆమె ముఖం ఆకుపచ్చగా ఉంది. కడగని నీళ్ళతొట్టి అడుగున పట్టే నాచులాంటి ఆకుపచ్చ.

“ఆస్పత్రిలో చివరి వారం కూడా ఇంత ఘోరంగా లేదురా,” అంది డాక్టరుగారి అక్క.

“ఆ పళ్ళు చూడక్కా.” డాక్టరుగారు తెర వైపు వేలు చూపించారు. “నా చేత్తో శుభ్రం చేసిన పళ్ళు. పాచి పట్టినట్టున్నాయి. తన చెల్లెళ్ళకి నేనేం చూపించను?”

“నేను నిన్న అంతా సెట్ చేసి, వైర్లు చూడ్డానికి బయటికెళ్ళాను సార్,” మా ఆయన అందుకున్నాడు. “ఈలోగా ఈవిడ ఏదో నొక్కేసింది. చెయ్యి ఊరుకోదు కదా!”

నేను నిన్న ఈ ఇంట్లో అడుగే పెట్టలేదు. ఆ సమయంలో మా పెరట్లో దుప్పట్లు పిండుతున్నాను. డాక్టరుగారు క్లినిక్‌కి వెళ్తూ తాళంచెవి మా ఆయన చేతికిచ్చారు. ఆయన ఒక్కడే వచ్చాడు, ఒక్కడే పని చేసుకున్నాడు, ఒక్కడే తాళం వేసుకుని ఇంటికొచ్చాడు. ఈరోజు డాక్టరుగారు ఫోన్ చేశాకే, ఎందుకో చెప్పకుండా నన్నూ వెంట తీసుకొచ్చాడు. నిన్న ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఆ సంగతి నాకంటే ముందు ఆయనకే తట్టింది.

ఆ మాటే చెబుదామని తలెత్తాను. డాక్టరుగారి అక్క నన్నే చూస్తోంది. ఆవిడకి పెద్ద ఫొటో స్టూడియో ఉంది. సోమవారం నేను అందులో పనికి చేరాలి. అచ్చుకి వెళ్ళేముందు ఫొటోల రంగులు సరిచూసే పని. పోయిన నెల ఇదే ఇంట్లో మేము పడగ్గది టీవీ సరిచేస్తుంటే, ఆవిడ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. వెళ్ళేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, “నొక్కేది ఆయన, చూసేది నువ్వు. జీతమిస్తాను, నా దగ్గరికొచ్చి చూస్తావా?” అని అడిగింది. పెళ్ళయినప్పటి నుంచి నేను చేసేదాన్ని పని అన్న మనిషి ఆవిడొక్కతే.

ఇప్పుడు ఆవిడ చూపు నా మీద నుంచి ఆ ఆకుపచ్చ ముఖం మీదకి వెళ్ళింది. మళ్ళీ నా మీదకి వచ్చింది. ఆ రెండింటినీ కలిపి చూస్తోంది.

ఈ ఉద్యోగం సంగతి మొన్న రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. మా ఆయన పొలమారేలా నవ్వాడు. “రంగులు చూసే ఉద్యోగమా? నీకేం తెలుసు రంగుల గురించి? నేను పక్కనుండి నేర్పిస్తే నాలుగు ముక్కలు వచ్చాయి.” నేను గిన్నెలు తీస్తూ, “అయితే రేపు నేను లేకుండా చేసుకోండి,” అన్నాను. గిన్నెలతోనే అన్నాను గానీ ఆయనకి వినబడింది. “నువ్వు లేకపోతే నా పని ఆగిపోతుందనుకున్నావా? రానక్కర్లేదు, ఇంట్లో పడుండు!” అప్పుడు అత్తగారు చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి వచ్చింది. “ఒరేయ్, నా మాట విను. అమ్మాయిని తీసుకెళ్ళు. ఒక్కడివే వెళ్ళకురా,” అని బతిమాలింది. ఆవిడ ముఖం పాలిపోయింది. కోడలు ఎక్కడ గడప దాటుతుందోనని భయపడుతోందనుకున్నాను.

“ఏమ్మా, నిజమేనా?” డాక్టరుగారు అడిగారు.

నేను జవాబు చెప్పేలోగా మా ఆయన రిమోట్ తెచ్చి నా చేతిలో కుక్కాడు. “పాడుచేసింది నువ్వే కదా, నువ్వే బాగుచెయ్యి. ముందు సార్‌కి సారీ చెప్పు.” తర్వాత వాళ్ళవైపు తిరిగి నవ్వాడు. “దీనికి పని నేర్పించినందుకు నాకు శిక్ష సార్ ఇది!”

ఎవరూ నవ్వలేదు.

ఆ పని ఏమిటో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ముందు కర్టెన్లన్నీ మూసేది నేను. టీవీ పెట్టి అరగంట వదిలేస్తాం, తెర వేడెక్కితేగానీ దాని అసలు రంగు బయటపడదు. ఈలోగా మెత్తటి గుడ్డతో తెర తుడుస్తాను, వెనకాల బూజు దులుపుతాను. ఇంటివాళ్ళు ఆయనకి కుర్చీ వేసి టీ ఇస్తారు, “మేడమ్ తాగుతారా?” అని ఆయన్నే అడుగుతారు. “తాగదండీ,” అంటాడు ఆయన. తర్వాత పెన్‌డ్రైవ్‌లోని బొమ్మలు ఒక్కొక్కటే పెడతాడు. నల్లకోటు మనిషి బొమ్మలో కోటు మడతలు కనబడీ కనబడకుండా ఉన్నచోట బ్రైట్‌నెస్ ఆపాలి. తెల్లచొక్కా బొమ్మలో గుండీలు తెలుపులో కరిగిపోకముందే కాంట్రాస్ట్ ఆపాలి. ఈ రెండూ చకచకా చేసేస్తాడు, నన్ను అడగడు. చివర్లో పసిపిల్ల ముఖం వస్తుంది. అక్కడికొచ్చేసరికి రిమోట్ పట్టుకుని, “ఎలా ఉంది?” అంటాడు. “ఇంకొంచెం ఎరుపు,” అంటాను. నొక్కుతాడు. “ఇప్పుడు?” “ఎక్కువైంది, ఒక మెట్టు వెనక్కి.” నేను చాలనేదాకా నొక్కి, ఇంటివాళ్ళకి వినబడేలా, “నాకు తెలుసులే, నిన్ను పరీక్షిస్తున్నా,” అంటాడు. ఇంటివాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. రంగులు కొలిచే యంత్రం ఉంటుందట కదా, మీ దగ్గర లేదా అని ఒకాయన అడిగితే, “నా కళ్ళే యంత్రం సార్,” అన్నాడు. ఆ మాట నచ్చి విజిటింగ్ కార్డు మీద కూడా వేయించుకున్నాడు.

“గొడవ చెయ్యకు,” మా ఆయన నా చెవి దగ్గరికి వంగాడు. “చుట్టాలొచ్చేస్తున్నారు. ఏదున్నా ఇంటికెళ్ళాక చూసుకుందాం.”

“అసలు దీన్ని ఇలా ఎలా వదిలేసి వచ్చారు?” గుసగుసగానే అడిగాను. “ఆవిడ ముఖం సంగతి సరే. వెనకాల ఆ పువ్వులైనా చూళ్ళేదా? ఎలా మాడిపోయాయో చూడండి.”

“ఏ పువ్వులు?” అన్నాడు.

తెర మీద ఆమె భుజాల వెనక ఒక మొక్కల కంచె ఉంది. దాని నిండా గుత్తులు గుత్తులుగా పువ్వులు. ఎర్రగా ఉండాల్సినవి కమిలిన గోధుమరంగులోకి మారాయి, అయినా ఆకుల మధ్య స్పష్టంగా ఉన్నాయి. మా ఆయన వాటికోసం వెతుకుతున్నాడు. కళ్ళు చిట్లించి ఈ కొస నుంచి ఆ కొస దాకా, మళ్ళీ ఆ కొస నుంచి ఈ కొస దాకా.

నేను తెరని వదిలి ఆయన కళ్ళవైపు చూశాను.

ఎన్ని సంగతులు ఒక్కసారి లేచి కూర్చున్నాయో! సంత నుంచి ఎప్పుడూ పచ్చి టమాటాలే తెస్తాడు, తిడితే “ఏరుకుంటూ కూర్చోడానికి నాకేం పనిలేదా?” అంటాడు. చొక్కా మీదకి ప్యాంటు నేనే జతచేసి తగిలించాలి, లేకపోతే ఆరోజు ఇల్లు ఎగిరిపోతుంది. నేను ఏ రంగు గుడ్డ కొన్నా నీకు టేస్టు లేదంటాడు. ఒకసారి కత్తిపీట మీద నా వేలు తెగి, చుట్టుకున్న ఆకుపచ్చ తువ్వాలంతా రక్తమైంది. సోఫాలోంచి తలెత్తి చూసి, “ఏం ఒలకబోసుకున్నావ్?” అన్నాడు. ఆ మాట ఎన్నేళ్ళో నాలో ముల్లులా ఉండిపోయింది. ఇంత కఠినాత్ముడితో కాపురం చేస్తున్నానా అని కుమిలిపోయాను. ఆయనకి అది రక్తంలా కనబడలేదు. కనబడలేదని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ముల్లు ఆరోజే తీసిపారేసేదాన్ని. చెప్పలేదు. నన్ను చవటని చేసి నిలబెట్టడమే ఆయనకి సులువైంది.

“ఒక్క నిమిషం సార్. ఫోన్ చేసుకుని వస్తాను.” రిమోట్ సోఫా మీద పెట్టి వాళ్ళ వంటగదిలోకి నడిచాను. మా ఆయన వెంట రాబోయాడు. “మీరుండండి,” అన్నారు డాక్టరుగారు.

అత్తగారు వెంటనే ఎత్తింది.

“అత్తయ్యా, ఆయనకి ఎరుపు తెలీదా?”

అటువైపు తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత, “ఎవరు చెప్పారు?” అంది.

గోడకి ఆనుకున్నాను. చాలు, నాకు జవాబు అందింది. కానీ ఆవిడ ఆగలేదు. “మెల్లగా మాట్లాడు, పక్కనెవరైనా ఉన్నారా? బళ్ళో ఉన్నప్పుడే బయటపడింది. ఎరుపూ ఆకుపచ్చా వాడికి ఒకేలా ఉంటాయి, అంతే. అదేమన్నా రోగమా? పెళ్ళికి ముందు చెప్తే మీవాళ్ళు వంకలు పెట్టేవాళ్ళు.”

“ఇళ్ళల్లోకి మగాడొక్కడే వెళ్తే బాగుండదు, తోడు వెళ్ళమన్నారు. అందుకేనా?”

“మరెవరిని పంపమంటావ్? నువ్వొచ్చేదాకా నేనే వెళ్ళేదాన్ని వాడితో. ఇంత లావు మనిషిని, ఎన్ని మెట్లెక్కానో! ఎంత చెప్పినా నాకేం తెలీదని విసుక్కునేవాడు. నన్ను మాత్రం ఎవరు మెచ్చుకున్నారు?”

ఆ గొంతులో ఉన్న అలసట నాదే. నేను రాకముందు ఆ చీకటి హాళ్ళల్లో నిలబడి “ఇంకొంచెం ఎరుపు” అన్న ఆడది ఈవిడ. ఒక్క క్షణం ఆవిడ పక్కన కూర్చోవాలనిపించింది. టీవీ పాడైన సంగతీ, తప్పు నా మీదకి నెట్టిన సంగతీ చెప్పాను.

“చూడు తల్లీ,” అంది అత్తగారు, “ఈ ఒక్కసారికి నేనే ముట్టుకున్నానని ఒప్పేసుకో. వాడి పేరు పోతే మనందరి అన్నం పోతుంది. నీకేం పోతుంది చెప్పు? నువ్వేమన్నా బయట పని చేసుకునేదానివా, పేరు పాడవడానికి?”

ఫోన్ పెట్టేశాను.

హాల్లోకి వచ్చేసరికి డాక్టరుగారు తెరకి దగ్గరగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అరచేత్తో ఆమె చెంప దగ్గర తుడుస్తున్నారు, అంటుకున్నదేదో పోతుందేమోనన్నట్టు. నేను ముట్టుకుంటే, తప్పు నాదేనని ఒప్పుకున్నట్టవుతుంది. ముట్టుకోకపోతే, చెల్లెళ్ళు వచ్చి ఈ ముఖాన్నే చూస్తారు. రిమోట్ తీసుకున్నాను.

“కర్టెన్లు వెయ్యండి,” అన్నాను మా ఆయనతో. పెళ్ళయ్యాక ఆయనకి నేను చెప్పిన మొదటి పని అదేననుకుంటాను. తెల్లబోయి వెళ్ళి వేశాడు.

మెనూ తెరిచాను. ఎరుపు పాతాళంలో ఉంది, ఆకుపచ్చ ఆకాశంలో ఉంది. ఇంత దూరం పోయేదాకా ఆయన ఎంతసేపు నొక్కి ఉంటాడు? ఖాళీ ఇంట్లో, “ఎలా ఉంది?” అంటే పలికే గొంతు లేక, ఆ పసిపిల్ల ముఖం ముందు కూర్చుని... జాలి వేసింది. జాలి వేస్తూనే నొక్కుతున్నాను. ఆకుపచ్చ తగ్గించాను. ఎరుపు పెంచాను. ముందు పళ్ళు తేరుకున్నాయి. తర్వాత కళ్ళకింద నలుపు విడిపోయింది. కంచె మీద పువ్వులు ఒక్కసారిగా భగ్గుమన్నాయి. ఒక మెట్టు వెనక్కి వచ్చి ఆగాను. ఆమె చెంపల్లోకి రక్తం వచ్చింది.

డాక్టరుగారు గట్టిగా ఏడ్చేశారు. అక్క వెళ్ళి తమ్ముడి తల పొట్టకి హత్తుకుంది.

“చూశారా సార్, సరిపోయింది!” మా ఆయన చప్పట్లు కొట్టినంత పని చేశాడు. “ఇకమీదట దీన్ని మీ ఇంటికి తీసుకురాను. నాది పూచీ.”

అక్క తలెత్తింది. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి, గొంతు మాత్రం వ్యాపారం గొంతు. “సోమవారం సంగతి మళ్ళీ చూద్దాంలేమ్మా. నీ కన్ను మంచిదే. కానీ నా దగ్గరికి వచ్చేవి జనం పెళ్ళిళ్ళ ఫొటోలు, పోయినవాళ్ళ ఫొటోలు. ఊరికే నొక్కి చూసే చెయ్యిని వాటి దగ్గరికి రానివ్వలేను.”

“నేనూ అదే చెప్పాను మేడమ్,” మా ఆయన నా సంచీ తీసి నా భుజానికి తగిలించాడు. ఎన్నడూ చెయ్యని సేవ. “దీనికి ఇల్లే కరెక్టు. పద.”

గేటు దగ్గర కారు ఆగిన చప్పుడైంది. ఆడవాళ్ళ గొంతులు, పిల్లల గోల. పదమని మోచెయ్యి పట్టుకుని లాగాడు. నేను కదల్లేదు. ఆయన చూపు సంగతి చెప్పుకోవాల్సింది ఆయనే, అది నేను చెప్పను. ఎవరి దగ్గరా ఎప్పటికీ చెప్పను. నిన్న ఈ గదిలో ఎవరి చెయ్యి ఉందో మాత్రం చెప్తాను. ఆ తర్వాత ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. తెలిసే ఆయన చెయ్యి విడిపించుకున్నాను.

“మేడమ్, నిన్న నేను ఈ ఇంటికి రాలేదు,” అన్నాను.

“ఏయ్...”

“రావద్దన్నారు, రాలేదు. ఇంట్లో దుప్పట్లు ఉతుక్కుంటున్నాను.” నా గొంతు నాకే కొత్తగా, తీరిగ్గా వినబడింది. “తాళంచెవి ఎవరికిచ్చారో డాక్టరుగారినే అడగండి. ఈ టీవీని ముట్టుకున్నది ఒక్కరే. ఆవిడ ముఖం అలా చేసి, అది నా నెత్తిన పెట్టింది ఈయన. మా ఆయన.”