గౌలిపుర సర్వర్, తొలి చెంబు

నాకు కోపం త్వరగా వస్తుంది. నత్తనడక నడిచే కంప్యూటర్‌ని చూస్తే ఇంకా త్వరగా వస్తుంది. రెండువేల మూడు వేసవిలో గౌలిపుర పాల సంఘం వాళ్ల కంప్యూటర్ రోజూ పొద్దున్నే నా ఓపికను పరీక్షించేది.

పత్తర్‌గట్టిలో ఒక చీరల దుకాణం పైగదిలో నేనూ శశిధరూ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. పాల సంఘానికి మూడు చోట్ల మూడు సర్వర్లు. గౌలిపురలో పాలు పోయించుకునే కేంద్రం, దాని వెనక పాలు చల్లబరిచే గది, చాంద్రాయణగుట్టలో ఆఫీసు. మూడింట్లోనూ మేం పెట్టింది ఒకటే ప్రోగ్రామ్. ఎక్కడ ఆన్ చేసినా మొత్తం లోడయ్యేది. పాల తూకం, వెన్న శాతం సరే, అవి కావాలి. జీతాలెందుకు? దాణా నిల్వలెందుకు? పశువుల డాక్టర్ ఎప్పుడొస్తాడో పాలు కొలిచే మెషీన్‌కెందుకు? కూరలకు వెళ్తూ బీరువా నెత్తిన పెట్టుకున్నట్టుండేది మా సర్వర్ పని.

పైగా గౌలిపురలో సరిగ్గా పాల వేళకే కరెంటు పోయేది. వచ్చాక ఆ ముసలి మెషీన్ అన్నీ మోసుకుని లేచేసరికి జనం క్యాన్లు కింద పెట్టి, గోడ నీడన కూలబడి, మూతలు తీసి వాసన చూసుకునేవారు. ఒకరోజు కొందరి పాలు విరిగిపోయాయి. ఆ మధ్యాహ్నమే సంఘం పెద్ద మైసయ్యగారు మా మెట్లెక్కి వచ్చారు.

"బిడ్డా, నిన్ను అనలేను గానీ, మీ డబ్బతోని మస్తు లొల్లి అయితున్నది. సోమారం పొద్దుగాల ఆఖరు. మల్ల గిట్లనే సతాయిస్తే తీస్కపోండ్రి. నా రిజిస్టరు, నా చేతిరాత నాకున్నయి."

మాకున్న పెద్ద పని అదొక్కటే. అది పోతే మా గదికి తాళం పడ్డట్టే.

"కొత్త మెషీన్ కొనమని చెబుదాం, ఉదయా" అన్నాడు శశి. నాకు ఒళ్లు మండింది.

"తప్పు మెషీన్‌ది కాదు, మన బద్ధకానిది. ఎక్కడ ఏ పనో అక్కడ ఆ ముక్కలే లేవాలి!" అన్నాను.

ఆ మాట అన్నాక ఇక కుర్చీలో కూర్చోలేకపోయాను. ప్రోగ్రామ్‌ని ముక్కలు ముక్కలుగా విడదీశాం. ఒక్కో సర్వర్‌కీ ఒక చిన్న ఫైలు పెట్టాం. అందులో పేరున్న ముక్కలే లోడవుతాయి, మిగతావి డిస్కులో పడి నిద్రపోతాయి. ఆదివారం సాయంత్రం గౌలిపుర మెషీన్‌లాంటి డొక్కుదాని మీదే ఆన్ చేశాను. చాయ్ కప్పు నోటిదాకా వెళ్లేలోపు తెర మీద తూకం పేజీ వచ్చేసింది! నేను పెట్టిన కేకకి కింద చీరల దుకాణం వాళ్లు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు.

సోమవారం తెల్లవారింది. కేంద్రం ముందు లైను. చంకలో పాత రిజిస్టర్‌తో మైసయ్యగారు. లైనుకి ముందు బుచ్చమ్మ.

ఆ సంఘంలో ఒక పద్ధతుంది. ఎవరింట్లో గేదె కొత్తగా ఈనితే, జున్నుపాల రోజులు దాటాక, వాళ్లే ముందు పోస్తారు. ఆ తొలి చెంబుకి ధర లేదు. అది బస్తీలో బాలింతలకి వెళ్తుంది. ఈసారి ఈనింది బుచ్చమ్మ గేదె.

బుచ్చమ్మ చెంబు తూచి, దానం అనే మీట నొక్కాను. తెర కదల్లేదు. మళ్లీ నొక్కాను. ఊహూ. అప్పుడు తట్టింది. దానం ముక్కని లెక్కల్లోకి తోసి, ఆఫీసు సర్వర్‌కే ఇచ్చేశాం. గౌలిపుర ఫైలులో దాని పేరే లేదు.

"పెద్దమ్మా, మీది తర్వాత రాస్తాను. వెనక వాళ్లని రానివ్వండి" అన్నాను.

లైను లైనంతా నన్ను అదోలా చూసింది.

"ఏం మాట్లాడుతున్నవ్ బిడ్డా?" అంది బుచ్చమ్మ. "బాలింతలకు పొయ్యకముందు మేమెట్ల అమ్ముకుంటం?"

ఒక్కరూ ముందుకు రాలేదు. మైసయ్యగారు రిజిస్టర్ తెరిచి పెన్ను మూత తీశారు. శశి సంచిలోంచి పాత ప్రోగ్రామ్ సీడీ లాగాడు.

"ఇదే వేసేద్దాం ఉదయా, ఇందులో అన్నీ ఉన్నాయి!"

"అది లేచేలోపు ఈ పాలు పెరుగవుతాయి! లోపల పెట్టు!"

ఫైలు తెరిచాను. ఒక్క మాట చేర్చాను, దానం అని. మెషీన్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. మైసయ్యగారు రిజిస్టర్లో తేదీ వేస్తున్నారు. ఆయన నెల దగ్గరికి వచ్చేసరికే నా ముందు తూకం పేజీ ఉంది. మీట నొక్కాను. ప్రింటర్ గరగరమంటూ చీటీ కక్కింది. దాని మీద బుచ్చమ్మ పేరు, పక్కన దానం.

"అయిపోయింది, పొయ్యండి పెద్దమ్మా!" అని అరిచాను. సంతోషంతో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మైసయ్యగారి పెన్ను ఆగింది. "గప్పుడే?" అన్నారు.

లైను కదిలింది. సగం కూడా పూర్తి కాలేదు, ఫ్యాను తిరగడం మానేసింది. తెర నల్లబడింది. కరెంటు! శశి కళ్లు మూసుకున్నాడు. ఈ రోజే పోవాలా అని కరెంటాఫీసుని నోరారా తిట్టుకున్నాను. మైసయ్యగారు రిజిస్టర్ మీద చెయ్యి వేశారు.

కాసేపటికి ఫ్యాను కదిలింది. మెషీన్ మీట వేశాను. తెర వెలిగింది, తూకం పేజీ వచ్చింది.

"తర్వాత ఎవరు?" అన్నాను.

"నడువుండ్రి, నడువుండ్రి! ఇంకేంది చూస్తుండ్రు?" మైసయ్యగారే లైనుని గదమాయించారు. రిజిస్టర్ మూసి మళ్లీ చంకలో పెట్టుకున్నారు.

నేను తలెత్తి లైను చివరిదాకా చూశాను. ఎవరూ క్యాన్ కింద పెట్టలేదు.