మద్దిలేటి హోటల్ సంగటి

మద్దిలేటి హోటల్లో పెట్టేది ఎంగిలి సంగటి. ఇది నా అభిప్రాయం కాదు. అక్కడ జరిగే పని.

విస్తళ్ళలో జనం వదిలేసిన ముద్దల్ని పెరట్లో ఒక డేక్సాలో వేసి నీళ్ళు పోస్తారు. నానిన తర్వాత మరిగే ఎసట్లో కలిపి, పైన కొత్త రాగిపిండి పోసి తెడ్డుతో కెలుకుతారు. చూసేవాడికి తేడా తెలియదు. తినేవాడికి అసలే తెలియదు.

కోయిలకుంట్లలో ఆ హోటల్ గురించి మాట్లాడని నోరు లేదు. గిడ్డమ్మ టీ కొట్టు దగ్గర పొద్దున్నే మొదలవుతుంది.

"సంగటంటే మద్దిలేటిదేనప్పా. గొంతులో జారిపోతాది," అంటాడు ప్రకాశం. పోస్ట్‌మన్‌గా రిటైరైనవాడు. మా చర్చి పెద్ద.

"బంక మాదిరి ఉంటే జారక ఏం చేస్తాది? నేను ఫోన్లో మూడు స్టార్లే ఇచ్చినా," అంటాడు భూపేష్. ప్లాట్లు అమ్ముతాడు.

"మూడు స్టార్లిచ్చి నాలుగు ముద్దలు తిన్యావంటనే," అంటుంది గిడ్డమ్మ. "ఆ కోడి పులుసులో కోడి యాడుండాదో ఎతుక్కోవాల."

నవ్వుకుంటారు. మధ్యాహ్నం మళ్ళీ అక్కడికే పోతారు. నేను పోను.

నా భార్య రాహేలమ్మ ఆ హోటల్లో తొమ్మిదేళ్ళు సంగటి కెలికింది. ఎంగిలి కలపడం చివరి ఏడాదిలో మొదలైంది. మొదటి రోజే వచ్చి నాతో చెప్పింది.

"కడుపుకు తినేదాంట్లో అట్ల కలపమంటాండాడు మద్దిలేటి. నాకు చేతులు రాలేదు. ఏం చేయాల?"

మా కూతురు దీవెన అప్పుడు నర్సింగ్ చదువుతోంది. ఫీజులు కట్టాలి. "కలపమన్నది కలుపు. ఊరంతా తింటాండారు, ఎవరు సచ్చినారు?" అన్నాను.

కలిపింది. ఇంటికొచ్చి చింతపండుతో మోచేతుల దాకా తోముకునేది. ఆ తర్వాత సంగటి ముట్టలేదు. పోయిన ఎండాకాలం జ్వరంతో పోయేదాకా ముట్టలేదు.

ఏడాది తిరిగింది. జ్ఞాపకార్థ కూడిక పెట్టాలి. ప్రార్థన తర్వాత వచ్చినవాళ్ళకు భోజనం పెట్టడం మాలో ఆనవాయితీ. దీవెన నన్ను అడగకుండానే మద్దిలేటి హోటల్‌కు చెప్పేసింది.

"ఆడ వద్దు," అన్నాను.

"ఎందుకు నాయనా? అమ్మ పేరు మీద ఊరికే పంపిస్తానన్నాడు. తలా ఒక మాట అంటారు గానీ, ఆ సంగటి ఇష్టం లేనోళ్ళు ఎవరుండారు?"

చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే కలిపిన చెయ్యి ఎవరిదో కూడా చెప్పాలి. మూసుకున్నాను.

కూడిక రోజు చర్చి అయ్యగారు ప్రార్థన చేశారు. రాహేలమ్మ చేతులు ఎంతోమంది ఆకలి తీర్చాయన్నారు. నేను నేల చూశాను. తర్వాత షామియానా కింద బంతి వేశారు. సంగటి, కోడి పులుసు, ఊరిబిండి పచ్చడి. అంతే.

నా ముద్ద తుంచాను. లోపల పీచు తగిలింది. బయటికి లాగాను. మునక్కాయ పిప్పి. ఎవరో నమిలి ఊసింది. ఆ రోజు వంటలో మునక్కాయ లేదు.

"తినొద్దండి!" అని అరిచాను. "ఇది ఎంగిలి సంగటి."

బంతిలో చేతులన్నీ ఆగిపోయాయి. అయ్యగారి చెయ్యి నోటి దగ్గరే ఆగింది.

"ఏమప్పా పెద్దన్నా, ఏం మాటలవి?" అన్నాడు ప్రకాశం. "నీకెట్ల తెలుసు? చూసినావా?"

"బంకంటే నన్ను ఎగతాళి చేస్తిరి. ఇప్పుడు మామ ఏకంగా ఎంగిలంటాండాడు," అని భూపేష్ నవ్వాడు.

గిడ్డమ్మకు నవ్వు రాలేదు. "తొమ్మిదేండ్లు రాహేలమ్మే గదప్పా ఆడ కెలికింది. అట్లాంటి పనికి ఆయమ్మ చెయ్యి పెడతాదా?"

దీవెన పులుసు గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. నా ముఖమే చూస్తోంది. పిప్పి నా పిడికిట్లో ఉంది. పిడికిలి తెరిస్తే మద్దిలేటి బయటపడతాడు. వాడితోపాటు రాహేలమ్మ కూడా.

"పొరపాటు. తినండి," అన్నాను.

ఎవరూ ముద్ద ఎత్తలేదు. అందరూ నా చెయ్యి వైపే చూస్తున్నారు. పిప్పిని సంగటిలో అదిమి నోట్లో పెట్టుకున్నాను. ఎవడో నమిలినదాన్ని మళ్ళీ నమిలాను. గొంతు దిగలేదు. నీళ్ళు తాగి దింపాను.

"ఇంతసేపూ ఎంగిలన్నోడు లొట్టలేస్తాండాడు సూడు!" అన్నాడు ప్రకాశం. బంతంతా నవ్వింది. చేతులు మళ్ళీ కదిలాయి. మారు వడ్డించమన్నారు.

చెయ్యి కడుక్కుంటూ ప్రకాశమే అన్నాడు, "అచ్చం రాహేలమ్మ చేతి సంగటే."

గోడ వెనక్కు పోయి కక్కుకున్నాను. దీవెన నీళ్ళు తెచ్చింది.

"ఏం నాయనా? ఏముండాది ఆ సంగటిలో?"

"ఏం లేదు."

మర్నాడు టీ కొట్టు దగ్గర ప్రకాశం బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చాడు. "చెప్పప్పా, మద్దిలేటి సంగటి బాగుండాదా లేదా? నీది కూడా ఒక మాట చెప్పు." కూర్చోలేదు. టీ గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాను.

ఈ సంగతి నా భార్య నన్ను ఒక్కసారే అడిగింది. కలపొద్దని చెప్పాల్సింది అప్పుడే చెప్పలేదు. ఇక ఎవరు అడిగినా చెప్పను. నా కూతురు అడిగినా చెప్పను.